"పొట్ట విచ్చి" చూడాలా, "విప్పి" చూడాలా? మేడిపండు పద్యం, ఇనుము మీది పూత

(ఉప్పుగాలి, ఆటవెలది, కొలిమి, గీటురాయి అన్నవి మాట్లాడుకునేవారి మారుపేర్లు.)

ఉప్పుగాలి: పెయింటు తనిఖీ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో పాఠం తయారవుతోంది. ఎక్స్ గీటు పరీక్ష (పూతను ఎక్స్ ఆకారంలో కోసి, టేపు అంటించి లాగి పట్టు చూడటం) అధ్యాయానికి తలకట్టుగా వేమన పాదం పెట్టాలి. నోట్లో ఆడేది "పొట్ట విప్పి చూడ పురుగులుండు". అచ్చులో "విచ్చి" కూడా కనబడుతోంది. ఏది నిలుస్తుంది? సందర్భం ఇది: మందం గేజీ 250 మైక్రాన్లు చూపిస్తుంది, మెరుపుకు లోటు లేదు, గీటు గీసి టేపు లాగితే మాత్రం ఇనుము బయటపడుతుంది.

ఆటవెలది: ఛందస్సు ఇక్కడ సాయపడదు. విప్పి, విచ్చి రెండూ గలమే (గురువు, లఘువు). యతి పొ-పులకు కుదిరింది, దాన్ని ఏ పాఠాంతరమూ కదపదు. అసలు జారిపోయిన అక్షరం పై పాదంలో ఉంది. అందరూ "మేలిమై యుండు" అని ఆపేస్తారు. ఆటవెలది మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలు కావాలి, "యుండు" చాలదు. "మేలిమై యుండును" అంటేనే భగణం. ముందు ఆ "ను" చేర్చండి.

కొలిమి: విప్పి కాదండీ. విప్పడమంటే కట్టినదాన్ని విప్పడం: మూట, ముడి, తలపాగా. మేడిపండుకు ముడి ఎక్కడిది? గీటు పరీక్షలోనూ విప్పేది లేదు, కోసేదే. 125 మైక్రాన్లు దాటిన పూతకు గళ్ల కోత (పూతను చిన్న చిన్న గళ్లుగా కోసే పరీక్ష) పనికిరాదు కాబట్టి 40 మిల్లీమీటర్ల గీట్లు రెండు, 30–45 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటేలా గీస్తాం. బ్లేడు ఇనుముకు తగిలిందా అన్నది లైటు వేసి, గీటు అడుగున లోహపు మెరుపు చూసి తేల్చుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బ్లేడు ప్రైమర్‌లోనే (ఇనుము మీద వేసే మొదటి పూతలోనే) ఆగిపోతే ప్రైమర్‌కూ ఇనుముకూ మధ్య పట్టును టేపు తాకనే తాకదు, కాగితం మీద మాత్రం 5ఏ (ఏమీ ఊడలేదనే అత్యుత్తమ మార్కు) పడుతుంది. టేపు రుద్ది అంటించాక 90 సెకన్లకు అటూ ఇటూ 30 సెకన్లలో, వెనక్కి మడిచినట్టు 180 డిగ్రీలకు దగ్గరగా, కుదుపు లేకుండా ఒక్క లాగు.

గీటురాయి: విచ్చు ప్రధానంగా అకర్మకం, అంటే తనంతట తాను జరిగే పని. పువ్వు విచ్చుతుంది, పత్తికాయ విచ్చుతుంది. పొట్టను ఒకరు "విచ్చి" చూడటం వాడుకకు ఎదురు. నాకు తోచేది, అసలు పాఠం "వ్రచ్చి" అయి ఉండాలి. వ్రచ్చడం అంటే చీల్చడం, నరసింహుడు హిరణ్యకశిపుడి కడుపుకు చేసింది అదే. జనం నోట రేఫ (ర ధ్వని) అరిగి, అర్థం తెలియక "విచ్చి" అయింది, తర్వాతివాళ్లు దాన్నీ "విప్పి"గా సవరించారు.

ఆటవెలది: "పొట్ట వ్రచ్చి" అంటే ట గురువై గణం చెడదా?

గీటురాయి: వేరే తెలుగు పదం మొదట వచ్చే రేఫ సంయుక్తం ముందున్న లఘువును ఊది పలకక్కర్లేదు, అది లఘువుగానే ఉంటుంది. పద్యాలు చదివేవారికి ఇది కొత్త కాదు.

ఉప్పుగాలి: అకర్మకమే మాకు కావలసింది కావచ్చు. తుప్పు పరీక్షకు వాడే ఉప్పు తుంపర పెట్టెలో పూతను ఎవరూ చీల్చరు. 5 శాతం ఉప్పు ద్రావణం, 35 డిగ్రీలు, 80 చదరపు సెంటీమీటర్ల గరాటులో గంటకు 1–2 మిల్లీలీటర్ల తుంపర, చేరిన ద్రావణం పీహెచ్ 6.5–7.2. ముందుగా గీసిన గీటు దగ్గర ఇనుము కరుగుతుంది. పక్కనే పూత అంచు కింద ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు అందుకుని క్షారం పుడుతుంది, ఆ క్షారం పట్టు వదిలిస్తుంది. పూత తనంతట తానే విచ్చుకుంటుంది. వ్యవధి ముగిశాక పూత ఊడటం గీటు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో కొలవాలి. వదులైన పూతను గీకేశాకే కొలవాలి, లేకపోతే పైపై గోధుమ మరక దగ్గరే ఆగిపోతారు.

కొలిమి: వేమన దగ్గరికి వెళ్తే ఈ పనికి ఇంతకన్నా అక్కరకొచ్చే పద్యం ఇనుము విరిగెనేనిది. "కాచి యతుక నేర్చు" అన్నవాడు మనసు దగ్గరికి వచ్చేసరికి "మరియంట నేర్చునా" అన్నాడు. అతుకు వేరు, అంటు వేరు. డాలీ పరీక్షలో చూసే తేడా అదే. 20 మిల్లీమీటర్ల డాలీని (చిన్న లోహపు బిళ్లను) పూత మీద జిగురుతో అంటించి లాగితే, పూత తన లోపలే తెగిందా, అంటే అతుకు పోయిందా? ఇనుము నుంచి ఊడిందా, అంటే అంటు పోయిందా? ఎంత ఒత్తిడికి ఊడిందో చెప్పే మెగాపాస్కళ్ల అంకె ఒక్కటే రాసి ఇది రాయకపోతే ఆ నివేదిక సగమే. జిగురు దగ్గర ఊడితే అది పూత అంకె కాదు, పూత పట్టు అంతకు తక్కువ కాదని మాత్రమే తెలుస్తుంది. అంటు పోయిన చోట ముందు అనుమానించాల్సింది బ్లాస్టింగ్ (గరుకు రేణువులు విసిరి ఇనుమును శుభ్రం చేయడం) తర్వాత మిగిలిన ఉప్పు, దుమ్ము, నూనె.

గీటురాయి: అతుకు, అంటు అన్నవి అక్కడ యతి కోసమో గణం కోసమో మారాయేమో కదండీ, అంత దూరం లాగవచ్చా?

కొలిమి: వేమన మాట మార్చాడంటే ఊరికే మార్చడని నా నమ్మకం.

ఆటవెలది: అలాగైతే మేడిపండు పద్యంలో మూడో పాదం వదిలేస్తారేం? "బింకమీలాగురా" అన్నచోట బింకాన్ని అందరూ డాంబికం అంటారు. బింకానికి బిగువు అనే అర్థం కూడా ఉంది. మరీ గట్టిపడ్డ పూత ఆ బాపతే: పెన్సిల్ గట్టిదనం పరీక్షలో నెగ్గుతుంది, 3 నుంచి 38 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న శంకువు మీద రేకు వంచితే సన్న కొస వైపు నుంచి పగుళ్లు వరసపెడతాయి. పగులు ఎంత దూరం పాకిందన్నదే ఫలితం.

ఉప్పుగాలి: "ను" చేర్చాను. విచ్చి, వ్రచ్చిల మధ్య ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి "విచ్చి" వేసి, రెండో పాఠాంతరం అడుగున పెడతాను. ఇంకో చిన్న సందేహం: పాఠంలో "బ్లేడుతో గీరి" అని రాశాను.

గీటురాయి: అది మార్చండి. గీరడమంటే పైన గోకడం. అలా రాస్తే కుర్రాళ్లు పూతను గోకుతారు, కోయరు. "గీటు పెట్టి" అనండి.

కొలిమి: "పెట్టి" కూడా చాలదు. ఇనుము కనబడేదాకా "కోసి" అని రాయండి, ఒక్క విసురులో, మళ్లీ అదే గాడిలో బ్లేడు నడపకుండా.