46 వేల జీతంతో బెంగళూరులో అమ్మానాన్నల ఇల్లు వదిలి వేరే ఉండగలనా?

రామమూర్తినగర్ అమ్మాయి:
నాకు 26 ఏళ్లు. చేతికొచ్చేది 46 వేలు. ఇల్లు రామమూర్తినగర్‌లో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. పొద్దున్నే బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఒకసారి, ఆర్‌వీ రోడ్డులో ఇంకోసారి మారాలి. పోనూ రానూ దాదాపు నాలుగు గంటలు. ఇంటికొచ్చి తినేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది.

ఆఫీసు దగ్గర ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు చూశాను. అద్దె 14 వేలు, మెయింటెనెన్స్ 1,500, అడ్వాన్స్ ఐదు నెలలు. బ్యాంకులో 1,10,000 ఉంది. నాన్న రిటైరయ్యారు, తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అందుకని ఇంటికి నెలకు 15 వేలు ఇస్తున్నాను. వేరే వెళ్లినా అది ఆపను. అమ్మేమో "పెళ్లయితే ఎలాగూ వెళ్తావు, అంతవరకు ఆగలేవా" అంటోంది. నిజంగా నాకు స్తోమత ఉందా, లేక మోజుపడుతున్నానా?

యలహంక పెద్దాయన:
అమ్మా, నాకూ నీ వయసు కూతురుంది, కాబట్టి దాచకుండా చెప్తాను. ఒకే ఊళ్లో సొంత ఇల్లుండగా ఇంకొకరికి నెలకు పదిహేను వేలు పోయడం నా మనసుకు పట్టదు. ఏడాదికి 1,86,000. అందులో సగం దాచినా తమ్ముడి చదువు గట్టెక్కుతుంది. రిటైరైన ఇంట్లో సంపాదించే మనిషి ఒక్కరే ఉంటే ఆ మనిషి పక్కనుండటం డబ్బుతో తూచేది కాదు. రాత్రి పూట ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఎప్పటికి వస్తావు?

హోసూరు రోడ్డు:
పెద్దాయనా, మీ మాట కాదనను. కానీ రోజుకు నాలుగు గంటలు, నెలకు 22 రోజులు, అంటే 88 గంటలు ఈ పిల్ల రైల్లో, ప్లాట్‌ఫారాల మీద నిలబడుతోంది. దాని విలువ ఎవరూ లెక్క కట్టరేం? పైగా ఇంట్లో ఉంటే ఖర్చే లేదనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. అంత దూరానికి రానూపోనూ 170 వేసుకున్నా నెలకు 3,740 అవుతుంది.

నేను 27 ఏళ్లకు బయటికొచ్చాను. ఇంట్లో మొదటి నెలంతా మాటల్లేవు. ఇప్పుడు ఆదివారం వెళ్తే నాన్న, నేను కూర్చుని నిజంగా మాట్లాడుకుంటాం. ఇంట్లో ఉన్నప్పుడు నేను వచ్చేసరికే ఆయన నిద్రపోయేవారు.

ఒక జాగ్రత్త మాత్రం. ఖాళీ చేసేటప్పుడు మా ఓనరు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ఇచ్చాడు. వంటింట్లో స్టవ్ వెనక గోడ మీద చేతి వెడల్పు మరక చూపించి "ఇదంతా వేయించాలి" అన్నాడు. పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్లో ముందే రాయించుకోండి. చేరిన రోజే ప్రతి గోడకూ ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.

లెక్కల మనిషి:
అంకెలు ఇచ్చారు కాబట్టి వాటితోనే మాట్లాడదాం. 46 వేలలో ఇంటికి 15 పోతే 31. అద్దె, మెయింటెనెన్స్ 15,500 పోతే మిగిలేది 15,500. తిండికి 6,000, గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్‌కు 1,500, ఫోను, మందులు, బట్టలకు 2,500, వారం వారం ఇంటికి వెళ్లిరావడానికి 1,000. మొత్తం 11,000. చేతిలో 4,500 ఉంటుంది. (మెట్రో డబ్బు మిగిలింది కదా అని దీనికి మళ్లీ కలపకండి. ఈ లెక్కలో అది ముందే లేదు.)

అంటే నెల గడుస్తుంది, బొటాబొటీగా. ఇబ్బందల్లా చేరే రోజుతోనే. అడ్వాన్స్ 70 వేలు, మొదటి నెల అద్దె 14, బ్రోకరుంటే ఇంకో 14. మొత్తం 98 వేలు. మీ దగ్గర మిగిలేది 12 వేలు. పరుపు, స్టవ్, బకెట్లు, గిన్నెలు అందులోంచే రావాలి. ఆ నెలలోనే ఫోను పగిలినా, అమ్మకు జ్వరం వచ్చినా క్రెడిట్ కార్డు గీకడమే. అడ్వాన్స్ అనేది మీ డబ్బే, కానీ అవసరానికి చేతికి రాని డబ్బు. అది కట్టాక కూడా రెండు మూడు నెలల ఖర్చు విడిగా ఉంటేనే స్తోమత ఉందని నేనంటాను.

ఇంకొకటి, నొచ్చుకోకండి. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. 31 వేలలో మెట్రో, ఫోను లాంటివి పోగా నెలకు 20 వేలయినా మిగలాలి. మరి దాచింది 1,10,000 మాత్రమేనా? అది ఎక్కడికి పోతోందో తెలియకుండా వేరే కాపురం పెట్టొద్దు.

కేఆర్ పురం:
అద్దె కడితే హెచ్ఆర్ఏ (జీతంలో ఇంటి అద్దె కింద ఇచ్చే భాగం) మీద టాక్స్ తగ్గుతుంది కదా, అది కూడా కలపండి.

లెక్కల మనిషి:
ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా ఎలాగూ పన్ను పడదు. ఈమె జీతానికి ఒక్క రూపాయి తేడా రాదు. కరెంటు సంగతి వేరు. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కాకపోతే ఉచిత యూనిట్లు ఆ ఇంటి పాత వాడకం సగటును బట్టి ఉంటాయి, గరిష్ఠంగా 200. పాత బిల్లొకటి అడిగి చూడండి.

చిత్తూరు అక్క:
చెల్లీ, ఇల్లా, అద్దిల్లా అని రెండే దారులు చూస్తున్నారు అందరూ. పీజీ (తిండితో కలిపి గది ఇచ్చే పేయింగ్ గెస్ట్ హాస్టల్) సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇద్దరుండే గది, తిండితో కలిపి మా వైపు 9,500. అడ్వాన్స్ పది వేలు. పరుపు, గ్యాస్ ఏమీ కొనక్కర్లేదు. నచ్చకపోతే నెల ముందు చెప్పి వచ్చేయొచ్చు.

తిండి విషయంలో మాత్రం అబద్ధం చెప్పను. నేనున్న పీజీలో సాంబారు ఎప్పుడూ తియ్యగానే ఉండేది, బెల్లం వేస్తారు. మన నోటికి పట్టదు. అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా మంచం కింద పెట్టుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాను. కానీ ఆఫీసునుంచి పదిహేను నిమిషాల్లో గదికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఇంకా వెలుతురుండగానే టీ తాగిన మొదటి సాయంత్రం నాకిప్పటికీ గుర్తుంది.

రామమూర్తినగర్ అమ్మాయి:
అందరికీ థాంక్స్. లెక్కల మనిషి గారూ, నొచ్చుకోలేదు. ఆరు నెలల క్రితం దాకా నా చదువు అప్పు కట్టాను. ఈ 1,10,000 ఆ తరవాత దాచిందే, నెలకు 18 వేల చొప్పున.

మీ పోస్టు పట్టుకుని నిన్న రాత్రి నాన్న దగ్గర కూర్చున్నాను. ఆయన ఖర్చుల పుస్తకం తెచ్చారు. పాల వాడి లెక్క కూడా పెన్సిలుతో రాసి ఉంది. నేనిచ్చే 15 వేలలో ఎనిమిది తమ్ముడి ఫీజుకే పోతున్నాయని అప్పుడే తెలిసింది. వచ్చే జూన్‌తో వాడి చదువు అయిపోతుంది. పెద్దాయన అడిగిన ఆసుపత్రి సంగతీ మాట్లాడాం. పక్కింటి ఆంటీ నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. నాన్న "వెళ్లు, కానీ అప్పు చేసి వెళ్లకు" అన్నారు. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

జూన్ వరకు పీజీలో ఉంటాను. అప్పటిదాకా ఆ ఇల్లు ఉండదు, ఫర్వాలేదు. ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ 1లో ఎండాకాలం కూడా నీళ్లకు ఇబ్బంది లేని లేడీస్ పీజీ తెలిసినవాళ్లుంటే చెప్పండి. గదికి కిటికీ ఉండాలి.