పోస్టాఫీసు మిద్దె వేడి, బ్యాటరీల ఖర్చు: ముందుగా దేనికి ప్రతిపాదన పంపాలి?

ప్రశ్న అడిగినవారు: పానగల్ దారి (ఇక్కడ పెట్టుకున్న పేరు)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో సబ్ పోస్ట్‌మాస్టరుగా పనిచేస్తున్నాను. మాది తపాలా శాఖ సొంత భవనమే. ఒకటే అంతస్తు, పైన స్లాబు, కింద షాబాద్ బండలు. ఉదయం తలుపులు తీసినప్పుడు లోపల చల్లగానే ఉంటుంది గాని, మధ్యాహ్నం రెండు దాటిందంటే పింఛను కోసం వరుసలో నిలబడిన ముసలివాళ్లు పాసుపుస్తకాలతో విసురుకుంటూ ఉంటారు. ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడిగాలే దిగుతుంది.

యూపీఎస్ బ్యాటరీలు రెండో వేసవి గడవకుండానే చేతులెత్తేశాయి. కరెంటు పోయిన పది నిమిషాలకే కౌంటర్ ఆగిపోతుంది. వెనుక గదిలో టపా సంచుల పక్కనే పాత బ్యాటరీలు, చెడిపోయిన మానిటర్లు, ఒక ప్రింటరు పడి ఉన్నాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికి పనికిరావు కాబట్టి క్యాన్లు కొంటున్నాము.

ఈ సంవత్సరం ఏదైనా ఒక్క పనికే ప్రతిపాదన పంపే వీలుంది. ఏసీ అడగాలా, సౌర పలకలు అడగాలా, కొత్త బ్యాటరీలు అడగాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పాలమూరు పెద్దాయన

ఈ మూడింటిలో ఏదీ అడగవద్దు బాబూ, ముందు మిద్దె సంగతి చూడు. నేను పాలమూరు ప్రాంతంలో చాలా ఏళ్లు పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. ఒక వేసవిలో మా ఆఫీసు మిద్దె మీదికి ఎక్కితే, నీళ్లు దిగే పర్నాలాలో వేపాకులు, పావురాల గూడు చేరి వాననీళ్లు ఎటూ పోలేక స్లాబు మీదే నిలిచిన మరకలు కనిపించాయి. ఆ మరకల వెంటే సన్నని పగుళ్లు. ఎండకాలం వేడికీ, వానకాలం కారుడుకీ కారణం ఒక్కచోటనే ఉందని ఆ రోజు తెలిసింది. పగుళ్లు పూడ్పించి, మిద్దె కడిగించి, రెండు పూతలు సున్నం వేయించాము. లోపల పని చేసేవాళ్లకు తేడా ఆ వారంలోనే తెలిసింది.

సున్నం వానకు కొట్టుకుపోతుంది, అందుకని ఏటా హోలీ ముందర మళ్లీ వేయించాలి. ఎక్కువ కాలం నిలవాలంటే వేడిని వెనక్కు కొట్టే తెల్లరంగు వేయించుకోవచ్చు, దానికి ఖర్చు ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది గనుక, నీ ప్రతిపాదనలో ఆ మాట ఒక్క వాక్యం రాస్తే పై ఆఫీసులో చదివేవారికి ఇది నీ సొంత సరదా కాదని అర్థమవుతుంది.

జవాబు: లోడు లెక్క

పెద్దాయన చెప్పిందే సరి, కారణం మాత్రం బ్యాటరీ వైపు నుంచి చెబుతాను. సీసం, ఆమ్లం ఉండే బ్యాటరీలకు అనువైన ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన లెక్క. మన నల్లగొండ వేసవిలో మూసిన వెనుక గది 40 దాటడం పెద్ద వింతేమీ కాదు. మిద్దెను అలాగే వదిలేసి కొత్త బ్యాటరీలు కొంటే, రెండో వేసవికి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

ఇంకొక సంగతి చూడండి. మీవి అప్పుడప్పుడూ నీళ్లు పోయవలసిన ట్యూబులర్ రకం బ్యాటరీలైతే, వాటిలో నీళ్లు ఎవరు పోస్తున్నారో కనుక్కోండి. నేను చూసిన ఒక ఆఫీసులో ఊడ్చే మనిషి పాపం మంచి మనసుతోనే, నీళ్లు తగ్గాయి కదా అని బోరు నీళ్లు చెంబుతో పోస్తూ వచ్చాడు. మూత తీసి చూస్తే గొంతు చుట్టూ పెచ్చు కట్టింది. ఆ నీటిలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ, ఫిల్టరు నీళ్లైనా సరే, పోయకూడదు. పైగా ఛార్జింగు సమయంలో ఈ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి, గాలి ఆడని గదిలో సంచుల పక్కన ఉంచడం ప్రమాదం. కిటికీ పైభాగంలో జాలీ పెట్టించండి.

ఏసీ అడిగితే దానితోపాటు కరెంటు లోడు పెంచమని కూడా అడగవలసి వస్తుంది, బిల్లు ఏడాదంతా మోయాలి. సౌర పలకలు మంచివే. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, పలకల నీడ మిద్దెకు కూడా మేలే. కాకపోతే పగుళ్లున్న స్లాబు మీద స్టాండ్లు బిగించాక పగుళ్లు పూడ్చాలంటే మళ్లీ ఊడదీయాలి. పలకలను బోరు నీళ్లతో కడిగితే తెల్లని చారలు పడి దిగుబడి తగ్గుతుంది.

జవాబు: రేకుల గది బీపీఎం

మా బ్రాంచి ఆఫీసు శాఖ భవనం కాదు, బీపీఎంగా, అంటే బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా, గది చూపవలసిన బాధ్యత నాదే. సిమెంటు రేకుల గది, దానిపైన తాటాకు పరిచి తాడు కట్టాను, అంతే. మీకు సొంత స్లాబు ఉందంటే కాస్త అసూయగానే ఉంది.

నీళ్ల గురించి ఒక మాట. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, సాధారణ క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నది మన దేశ ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా మన నల్లగొండ పేరే ఉన్నా, రోజూ ఆ పని చేసే మనిషి ఆఫీసులో ఎక్కడ దొరుకుతాడు? మిషన్ భగీరథ మంచినీటి పథకం నల్లా మీ వీధికి వచ్చి ఉంటే ఆఫీసుకు కనెక్షన్ అడగండి, క్యాన్ల ఖర్చు తప్పుతుంది.

పానగల్ దారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. పెద్దాయన చెప్పినట్టే పర్నాలా పూడిపోయి ఉంది, దానిలోంచి ఒక రావి మొక్క కూడా మొలిచింది. బ్యాటరీలో నీళ్లు ఎవరు పోశారో అడగడానికి మొహమాటపడ్డాను గాని, మూతల మీద పెచ్చు చూశాక అడగవలసిన అవసరం లేకపోయింది. పాత బ్యాటరీలనూ మానిటర్లనూ పాతసామాను వ్యాపారి రేటు కట్టి అడుగుతున్నాడు, ఇచ్చేయవచ్చా?

జవాబు: లోడు లెక్క

ఇవ్వవద్దు. బ్యాటరీలకు 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు, మానిటర్లకూ ప్రింటర్లకూ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. రెండూ నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి. వీధి వ్యాపారి ఆమ్లాన్ని కాలువలో ఒంపి సీసం మాత్రమే తీసుకుంటాడు. ముందుగా అవి పనికిరావని పై ఆఫీసు ఉత్తర్వు తెప్పించుకుని, స్టాక్ రిజిస్టరులో తీసివేత రాయించండి. 2021 నుంచి ఏటా అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలన్నిటిలో పాత సామాను, పాత ఫైళ్లు తొలగించే ప్రత్యేక కార్యక్రమం జరుగుతోంది. ఆలోగా కాగితాలు సిద్ధంగా ఉంటే పని తొందరగా కదులుతుంది.

జవాబు: పాలమూరు పెద్దాయన

ఆ రావి మొక్కను పైపైన కోయవద్దు, వేరు స్లాబులోకి దిగి ఉంటుంది. వేరుతో సహా తీయించి, ఆ రంధ్రం పూడ్చిన తరువాతే సున్నం వేయించు. అలాగే పర్నాలాకు ఒక గొట్టం కట్టి వాననీళ్లు సంపులోకి మళ్లించే ఖర్చునూ అదే ఎస్టిమేటులో కలుపు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు వాన పడినా లెక్క ప్రకారం 100 లీటర్లు. మొదటి వాన నీటిని బయటికి వదిలేయి, తరువాతి నీళ్లు మరుగుదొడ్డికీ, నేల తుడవడానికీ వస్తాయి.