‘ఆలివర్!’ను తొమ్మిదేళ్ల పాపకు చూపించవచ్చా?

తొమ్మిదేళ్ల మా అమ్మాయికి రోజూ రాత్రి డికెన్స్ నవల ‘ఆలివర్ ట్విస్ట్’ను కొంచెం కొంచెంగా తెలుగులో చెబుతున్నాను. దాని ఆధారంగా కారల్ రీడ్ దర్శకత్వంలో 1968లో వచ్చి, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సంగీత చిత్రం ‘ఆలివర్!’ను కూడా చూపించాలని ఉంది. ఖాళీ గిన్నె పట్టుకుని, పొడవాటి బల్లల మధ్య నుంచి నడిచివెళ్లి, ఇంకాస్త గంజి పెట్టమని అనాథ బాలుడు ఆలివర్ అడిగే ఘట్టం తనకు తప్పక నచ్చుతుంది. ఇక పాటల సంగతి చెప్పనక్కరలేదు.

నా సందేహమల్లా ఆలివర్‌కు సాయపడే యువతి నాన్సీ హత్య గురించే. అది చాలావరకు లండన్ బ్రిడ్జి మెట్ల చాటునే జరిగినా, అక్కడ నేనే ముఖం తిప్పుకున్నాను. పైగా పిల్లలచేత జేబులు కొట్టించే ముసలి దొంగ, నవలలో ఉరికంబం ఎక్కే ఫాగిన్, సినిమాలో శిష్యుడు డాడ్జర్‌తో కలిసి హుషారుగా నడిచిపోతాడు. ఈ తేడాను పాపకు ఎలా వివరించాలో తెలియడం లేదు.

ఈ వయసు పిల్లలతో కలిసి ఈ సినిమా చూసినవారు, హత్య సన్నివేశాన్ని దాటవేశారో, ముందే చెప్పి చూపించారో, నవల పూర్తయ్యేదాకా ఆగడం మేలో దయచేసి తెలియజేయగలరు.