కిట్ బేస్ గిటార్ బిగించా, శ్రుతి కుదరట్లేదు. ట్యూనర్ మార్చాలా?

గుంటూరు_కిట్
అందరికీ నమస్తే. జాజ్ బేస్ మోడల్ కిట్ ఒకటి తెప్పించి బిగించా. బాస్‌వుడ్ బాడీ, మేపుల్ నెక్, 34 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), 45–105 మందం స్ట్రింగ్స్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో). పాలిష్ మా వీధి వడ్రంగితో కలిసి చేశా, సాండింగ్ సీలర్ మీద మెలమైన్. అది మాత్రం అద్దంలా వచ్చింది.

వాయిస్తేనే గొడవ. ఓపెన్‌లో నాలుగు తీగలూ సరిగ్గానే ట్యూన్ చేస్తా. ఇ తీగ మీద ఒకటో ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీత) నొక్కి ఎఫ్ వాయిస్తే కీబోర్డుతో కలవదు, పైకి పోతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర పెద్ద తేడా లేదు. పైగా క్లిప్ ట్యూనర్‌కి ఇ స్ట్రింగ్ దొరకట్లేదు. ఒకసారి ఇ అంటుంది, ఒకసారి బి అంటుంది, ముల్లు ఊగుతూనే ఉంటుంది. పెడల్ ట్యూనర్ (కాలితో తొక్కేది) కొనమని ఒకరు, స్ట్రోబ్ (ఇంకా సూక్ష్మంగా చూపే ట్యూనర్) కొనమని ఇంకొకరు. ముందు దేనికి డబ్బు పెట్టాలి?

సోల్డర్‌పొగ
బి చూపిస్తోందంటే ట్యూనర్ పాడైందని కాదు బ్రో. ఇ స్ట్రింగ్ 41.2 హెర్ట్జ్. దాని మూడో హార్మోనిక్ (అసలు స్వరంతో పాటు మోగే, మూడు రెట్ల పై స్వరం) 123.6, అది బి. క్లిప్ ట్యూనర్ వినేది హెడ్‌స్టాక్ అదురుని. అక్కడ అసలు స్వరం బలహీనంగా, పై హార్మోనిక్స్ బలంగా ఉంటాయి, అందుకే దానికి తికమక. ఇంకో ఇబ్బందీ ఉంది. 41.2 దగ్గర ఒక్కో అల 24 మిల్లీసెకన్లు. జి స్ట్రింగ్ అయితే 98 హెర్ట్జ్, పది మిల్లీసెకన్లే. ఏ ట్యూనర్ అయినా కొన్ని అలలు చూశాకే లెక్క తేలుస్తుంది. ఇ దగ్గర ఒక సెంట్ (అర స్వరంలో నూరో వంతు) అంటే 0.024 హెర్ట్జ్ మాత్రమే. ముల్లు ఊగక ఏం చేస్తుంది?

కొనేముందు ఇవి చూడు. టోన్ నాబ్ పూర్తిగా తగ్గించు, నెక్ వైపు పికప్ (తీగ అదురుని పట్టే అయస్కాంతపు ముక్క) ఒక్కటే ఉంచు, బొటనవేలితో పన్నెండో ఫ్రెట్ మీదుగా మెత్తగా మీటు. గట్టిగా మీటితే మొదటి క్షణం స్వరం పైకి వెళ్లి ఆ తర్వాత దిగుతుంది. క్లిప్పే వాడాలంటే పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ వాయించు (తీగని నొక్కకుండా అక్కడ వేలు ఆనించి మీటాలి), అది 82.4, చాలా క్లిప్పులు దాన్ని ఇట్టే పట్టేస్తాయి. మిగతా తీగలు మోగకుండా చేత్తో ఆపి ఉంచాలి, ఎ స్ట్రింగ్ మోగుతూ ఉంటే ఏ ట్యూనరూ సరిగ్గా చెప్పదు.

పాత_జాజ్‌బేస్
తమ్ముడూ, నీ ట్యూనర్ సంగతి తర్వాత. ఒకటో ఫ్రెట్ దగ్గర పైకి పోయి, పన్నెండు దగ్గర సరిగా ఉందంటే అది నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ). కిట్లలో నట్ గాళ్లు లోతుగా కొయ్యరు, ఎక్కువ కోస్తే బాగుచేయలేమని భయం. తీగ ఎత్తులో ఉంటే ఒకటో ఫ్రెట్ నొక్కడానికి దాన్ని అంత కిందికి లాగాలి, లాగినంతా శ్రుతి పెరుగుతుంది. నెక్ మీద ముందుకెళ్లేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోతుంది. అదే పన్నెండు దగ్గర తేడా ఎక్కువగా ఉంటే శాడిల్ (బాడీ మీది బ్రిడ్జిలో తీగ ఆనే ముక్క) చూడాల్సి వచ్చేది.

పరీక్ష సులభం. ఇ స్ట్రింగ్‌ని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఒకటో ఫ్రెట్ మీద తీగని వేలితో తట్టు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య కాగితం మందం ఖాళీ ఉంటే చాలు. విజిటింగ్ కార్డు దూరిందంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే.

కానీ నట్ ముట్టుకునే ముందు నెక్ చూడు. తీగలు పూర్తి శ్రుతిలో ఉండాలి, నాలుగూ కలిపి 70 కిలోలకు పైనే లాగుతాయి మరి. ఒకటో ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర ఖాళీ కొలువు. 0.3 మిమీ దగ్గర ఉంటే నాకు నచ్చుతుంది. ఫీలర్ గేజ్ కోసం ఆన్‌లైన్‌లో వెతకనక్కర్లేదు, వాల్వ్ క్లియరెన్స్ చూసే బైక్ మెకానిక్ దగ్గర ఉండేది అదే. ఖాళీ ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) కుడివైపు పావు తిప్పు, మళ్లీ ట్యూన్ చెయ్, ఆగు, కొలువు. బిగుతుగా ఉంటే బలం పెట్టొద్దు. ఆ తర్వాత పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, ఇ వైపు 2.4 మిమీ, జి వైపు 2 మిమీ. ఇక అప్పుడు నట్, అప్పుడు ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి కుదిరేలా శాడిల్స్ జరపడం).

డాలస్_తీగలు
పాత_జాజ్‌బేస్ గారూ, వరుస విషయంలో నాది కాస్త వేరే మాట. నట్ మరీ ఎత్తుగా ఉంటే యాక్షన్ (తీగ ఎత్తు) కొలతే మోసం చేస్తుంది. నేను నెక్ తర్వాత నట్‌ని సుమారుగా దించేసి, యాక్షన్ పెట్టి, మళ్లీ నట్ దగ్గరికి వస్తా.

పనిముట్ల సంగతి కూడా చెప్తా. నట్ ఫైల్స్ ఖరీదే. గ్యాస్ వెల్డింగ్ టార్చ్ నాజిల్ క్లీనర్ సెట్‌లోని సన్నని ఆకురాళ్లు జి, డి గాళ్లకి సరిపోతాయి. ఇ తీగ 2.7 మిమీ దాకా ఉంటుంది కాబట్టి దానికి అవి చాలవు. పాత ఇ స్ట్రింగ్ ముక్కనే ఆకురాయిలా ఆడించాలి, ఓపిక కావాలి. గాడి హెడ్‌స్టాక్ వైపు వాలాలి, తీగ ఫ్రెట్‌బోర్డు వైపు అంచు మీదే ఆనాలి. వాలు లేకుండా కోస్తే సితార్‌లా జివ్వుమంటుంది. చెయ్యి జారి లోతైపోతే ఫెవిక్విక్, వంటసోడా కలిపి నింపి మళ్లీ కోయొచ్చు, గట్టిగానే నిలుస్తుంది.

గుంటూరు_కిట్
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. నెక్ ఖాళీ 0.6 వచ్చింది! పావు పావుగా తిప్పి 0.3కి తెచ్చా. విజిటింగ్ కార్డు ఒకటో ఫ్రెట్ దగ్గర హాయిగా దూరింది కూడా. ఇ, ఎ గాళ్లు దించుతున్నా. కానీ ఇంకో విషయం, బ్రిడ్జి నేనే కొలిచి బిగించా. శాడిల్స్ వెనక్కి పూర్తిగా వెళ్లిపోయి ఇంకా పైకే చూపిస్తే?

పాత_జాజ్‌బేస్
నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 17 అంగుళాలు ఉందా చూడు. అక్కడి నుంచి జి శాడిల్‌కి కూడా దాదాపు అంతే, ఒక చిటికెడు ఎక్కువ ఉండాలి. లావు తీగలకి ఇంకాస్త వెనక్కి, ఇ అన్నింటికంటే వెనక్కి. జి శాడిల్ ముందున్నప్పుడు 34 అంగుళాలు పడేలా బ్రిడ్జి బిగించి ఉంటే ఇబ్బంది రాదు. పన్నెండు నొక్కిన స్వరం హార్మోనిక్ కంటే పైన ఉంటే శాడిల్ వెనక్కి, కింద ఉంటే ముందుకి. కొత్త తీగలతోనే చెయ్, అరిగిన తీగలతో ఇంటొనేషన్ పెడితే ఆ పనంతా వృథా.

చర్చిబ్యాండ్_కాకినాడ
ట్యూనర్ ప్రశ్నకి నా వైపు నుంచి. ఆదివారం వాయించేవాడికి పెడలే. తొక్కగానే సౌండ్ ఆగిపోతుంది, ప్రార్థన నడుస్తుండగా నిశ్శబ్దంగా శ్రుతి సరిచూసుకోవచ్చు. క్లిప్‌తో అది కుదరదు, డ్రమ్స్ మోగుతుంటే మొత్తం స్టేజీ అదురుని అది వింటుంది. నాది బాస్ కంపెనీ టీయూ-3 పెడల్. ఖచ్చితత్వం ఒక సెంట్ అటూ ఇటూ, ఎండలో కూడా వెలుగు కనిపిస్తుంది. ఐదు తీగల బేస్‌లో తక్కువ బి, 30.9 హెర్ట్జ్, అది కూడా చూపిస్తుంది.

అడాప్టర్ దగ్గర జాగ్రత్త. ఈ పెడల్స్‌కి 9 వోల్టులు, నడుమ నెగటివ్. మార్కెట్లో దొరికే సాధారణ అడాప్టర్లు చాలావరకు నడుమ పాజిటివ్.

ఇంకోటి. మా దగ్గర పాత హార్మోనియం ఉంది, అది 440కి ఉండదు. దాంతో వాయించాల్సి వస్తే ట్యూనర్‌లో కాలిబ్రేషన్ మార్చుకోవాలి, టీయూ-3లో 436 నుంచి 445 దాకా ఉంది. అయిపోయాక తిరిగి 440కి పెట్టడం మర్చిపోతే కీబోర్డు అన్న చూసే చూపు నేను వర్ణించలేను.

సోల్డర్‌పొగ
పెడల్ మంచిదే, ఒప్పుకుంటా. సెటప్‌కి మాత్రం స్ట్రోబ్. పీటర్సన్ లాంటివి 0.1 సెంట్ దాకా చూపిస్తాయి. అంత డబ్బు వద్దనుకుంటే వాళ్లదే ఫోన్ యాప్ ఉంది. కానీ ఫోన్ మైక్‌తో వద్దు, మైక్‌కి తక్కువ స్వరాలు సరిగా వినపడవు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ని ఫోన్‌కి కలిపే పెట్టె) కేబుల్ గుచ్చి వాడు.

పాత_జాజ్‌బేస్
0.1 సెంటా! ఫ్రెట్ మీద వేలు కాస్త గట్టిగా నొక్కితేనే అంతకు ఎన్నో రెట్లు మారిపోతుంది. 1936 నాటి స్ట్రోబోకాన్ పెట్టెలంత ఉండేది, స్కూళ్లకీ స్టూడియోలకీ తప్ప దక్కేది కాదు. 1975లో కోర్గ్ చేతిలో పట్టే ట్యూనర్ తెచ్చేదాకా మామూలు బేసిస్టులు పియానోని విని శ్రుతి పెట్టుకున్నవాళ్లే. బ్యాండ్‌లో వాయించే కిట్ బేస్‌కి ఒక సెంట్ పెడల్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి స్ట్రింగ్స్ కొనుక్కో తమ్ముడూ.

డాలస్_తీగలు
ట్యూనింగ్ నిలవకపోతే కీలని తిట్టకండి, చుట్లు చూడండి. పోస్ట్ మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి దిగాలి. తీగ కోసే ముందు మొదట లంబంగా వంచి, వంపు అవతల కోయాలి. నేరుగా కోస్తే పైచుట్టు విడిపోయి తీగ చచ్చిపోతుంది. శ్రుతి ఎప్పుడూ కింద నుంచి పైకి తేవాలి; దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించండి.

గుంటూరు_కిట్
అప్‌డేట్. నట్ అయిపోయింది. ఒకటో ఫ్రెట్ ఇప్పుడు మూడు సెంట్ల లోపే, కీబోర్డుతో కలుస్తోంది. ఇంటొనేషన్ పెట్టేటప్పుడు ఇ మీద ముల్లు మళ్లీ ఊగింది, ఈసారి కేబుల్‌తో పెట్టినా. తీగ ముట్టుకున్నా ఆంప్‌లో హమ్ ఆగట్లేదు కూడా.

సోల్డర్‌పొగ
రెండూ వేర్వేరు. ముల్లు ఊగడం పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ నొక్కి ఇ స్ట్రింగ్‌కీ పికప్ పోల్‌కీ మధ్య ఖాళీ చూడు, 3 మిమీ కంటే తక్కువైతే దించు. అయస్కాంతం తీగని లాగుతూ ఉంటే స్వరం అలలు అలలుగా వినిపిస్తుంది, దానికి ఏ ట్యూనరూ ఒకే అంకె చెప్పలేదు. హమ్‌కి కారణం బ్రిడ్జి గ్రౌండ్. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక మొన బ్రిడ్జికి, ఇంకోటి జాక్ బయటి లోహానికి. బీప్ రాకపోతే బ్రిడ్జి కింద తీగ ఆనట్లేదు. బ్రిడ్జి విప్పి, రాగి పోగులు విసనకర్రలా విప్పదీసి, బాడీ మీద పరిచి మళ్లీ బిగించు. పాలిష్ మీద పెడితే ఫర్వాలేదు, బ్రిడ్జి లోహానికి తగిలితే చాలు.

గుంటూరు_కిట్
బీప్ రాలేదు, ఇప్పుడు వస్తోంది. హమ్ పోయింది. పికప్ దించాక ముల్లు నిలబడింది. ఒక్కటే మిగిలింది, జి స్ట్రింగ్ మీద అయిదు, ఆరు ఫ్రెట్ల దగ్గర స్వరం మిగతావాటికంటే త్వరగా ఆగిపోతోంది. బజ్ లేదు.

పాత_జాజ్‌బేస్
అది డెడ్ స్పాట్. బోల్ట్‌తో బిగించే మేపుల్ నెక్ బేసుల్లో చాలావాటికి దాదాపు అక్కడే ఉంటుంది, ఖరీదైన వాటిలోనూ చూశా. ఆ స్వరం దగ్గర నెక్ కూడా ఊగి తీగ శక్తిని తినేస్తుంది. సెటప్‌తో పోదు. హెడ్‌స్టాక్‌కి చిన్న సీ-క్లాంప్ బిగించి వాయించి చూడు, కింద గుడ్డ ముక్క పెట్టు. బరువు మారితే చోటు కొద్దిగా జరుగుతుంది. నీకు నచ్చిన చోటికి జరిగితే అంతే బరువున్న ఇత్తడి పలక వెనక వేయించుకో, లేకపోతే ఆ స్వరాల్ని డి స్ట్రింగ్ మీద పది, పదకొండు ఫ్రెట్ల దగ్గర వాయించు.