కొన్నవాళ్ళకి మనం కూడా ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలా? ఇస్తే ముందా, వాళ్ళు ఇచ్చాకా?

లక్కబొమ్మల తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది ఏటికొప్పాక పక్కనే, మా మావయ్య లక్క బొమ్మలు చేస్తాడు, నేను డిగ్రీ అయ్యి ఖాళీగా ఉండి వాటిని ఈబేలో పెట్టి బయటి దేశాలకి పంపుతున్నా, ఏడాదయింది, 61 ఆర్డర్లు అయ్యాయి. కొన్నవాళ్ళకి మనం కూడా ఫీడ్‌బ్యాక్, అదే పాజిటివ్ నెగెటివ్ అని నొక్కి కింద ఓ మాట రాసేది, ఇవ్వాలంటగా, నేను ఇప్పటిదాకా ఒక్కరికీ ఇవ్వలా, వాళ్ళు ఇస్తే అప్పుడు ఇద్దాంలే అని ఆగా. అలా ఆగితే నాకు వచ్చినవి 9. ఇంకోటి, పోయిన నెల ఇంగ్లండ్ ఆయన ఒకడు బొంగరాల సెట్టు కొని ఫొటోలో రంగు వేరు వచ్చిన రంగు వేరు అని రిటర్న్ పెట్టాడు, వెనక్కి తెప్పించుకునే ఖర్చు బొంగరాల ధర కంటే ఎక్కువ, చేసేదిలేక డబ్బులిచ్చేసి సెట్టు కూడా వాడికే వదిలేశా. వాడి గురించి గట్టిగా రాయాలని ఉంది, మిగతా సెల్లర్లయినా జాగ్రత్తపడతారు. నెగెటివ్ బటన్ ఎక్కడుందో కనపడట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

స్టాంపుల బాబాయ్:
బటన్ లేదు అబ్బాయ్, వెతక్కు. 2008 మే నుంచి ఈబేలో సెల్లరు కొన్నవాడికి పాజిటివ్ తప్ప ఇంకేమీ ఇవ్వలేడు. నేను బాజీ డాట్ కామ్ అనే మన దేశపు వేలం సైటు రోజుల నుంచి స్టాంపులు అమ్ముతున్నా, దాన్ని 2004లో ఈబే కొనేసింది, అప్పుడు ఇద్దరూ ఒకరికొకరు ఏదైనా ఇచ్చుకోవచ్చు. నీలాగే అందరం పేకాటలో ముక్క దాచుకున్నట్టు దాచుకు కూర్చునేవాళ్ళం, నువ్వు ముందు వెయ్యి తర్వాత నేను వేస్తా అని. వాడు నెగెటివ్ ఇస్తే మనమూ తిరిగి కొట్టేవాళ్ళం. నేనూ కొట్టా, అబద్ధం ఎందుకు. ఒకాయన కవరు తడిసి వచ్చిందని ఉన్నమాటే రాస్తే కోపమొచ్చి "ఇతనికి అమ్మకండి" అని రాసిపడేశా. తప్పు నాదే, వానాకాలం ప్లాస్టిక్ కవర్ వెయ్యకుండా పంపా. ఇలా అందరూ చేసేసరికి కొన్నవాళ్ళు భయపడి నోరు మెదిపేవాళ్ళు కాదు, ఎవరి పేజీ చూసినా వందకి వంద, ఇంక అది చూసి ఏం లాభం? అందుకే తీసేశారు. 2008 ఫిబ్రవరిలో ఈ మార్పు వద్దని సెల్లర్లు వారంపాటు సరుకు పెట్టకుండా సమ్మె కూడా చేశారు, ఏం మారలా.

కాబట్టి నీ చేతిలో ముక్కే లేదు, దాచేదేముంది. డబ్బు కట్టగానే ఇచ్చెయ్యి.

ఇక్కత్ అక్క, పోచంపల్లి:
బాబాయ్ చెప్పింది నిజమే గానీ నేనైతే డబ్బులు పడంగనే ఇయ్య. పార్సిల్ చేరినంక, ట్రాకింగ్‌ల డెలివర్డ్ అని చూపించినంక ఇస్త. ఒకసారి ఇచ్చినమంటే మళ్ల మార్చుకోరాదు, అదొకటి. ఇంకోటేందంటే, చీర చేతికొచ్చి మడత విప్పి చూసుకున్న రోజే మన ఫీడ్‌బ్యాక్ కూడా పోయిందనుకో, ఆమెకు యాదికొస్తది, అప్పుడే మనకి కూడా నాలుగు ముక్కలు రాస్తది. పదిహేను రోజుల ముందు ఇచ్చింది ఎవరికి గుర్తుంటది తమ్మీ. నాకు అట్ల చేసినంకనే ఎక్కువ వచ్చినయ్.

స్టాంపుల బాబాయ్:
ఇది నాకు తట్టలేదమ్మా. నేను సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ పెట్టేశా, కట్టగానే అదే పోతుంది, నా ఓపిక అంతే. రోజుకి రెండు మూడు ఆర్డర్లే ఉంటే మాత్రం అక్క చెప్పినట్టే చెయ్యి. ఒకటి గుర్తుపెట్టుకో, 60 రోజులు దాటినవాటికి ఇవ్వలేవు, పాతవి పోయినట్టే.

అరకు హోమ్‌స్టే:
నాది వేరే లైను కానీ చెప్తా. ఇంట్లో గది అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ సైటులో గెస్టు మన గురించి, మనం గెస్టు గురించి రాస్తాం, 14 రోజుల టైము, ఇద్దరూ రాసేదాకా ఎవరిది ఎవరికీ కనపడదు, ఒకరే రాస్తే గడువు అయ్యాక బయటికొస్తుంది. 2014 నుంచి ఇలాగే. దాంతో బాబాయ్ చెప్పిన ఆ కాచుక్కూర్చోడం ఉండదు. అక్కడ నేను కచ్చితంగా రాస్తా, ఎందుకంటే గెస్టు మన ఇంట్లో పడుకుంటాడు, గిన్నెలు ఎలా వదిలాడు, రాత్రి రెండింటికి పాటలు పెట్టాడా అన్నది తర్వాత హోస్టుకి తెలియాలి. బొంగరం కొన్నవాడి గురించి ఏం రాస్తాం బ్రో, డబ్బు కట్టాడు, అయిపోయింది.

కొత్త సెల్లర్:
ఫ్లిప్‌కార్ట్, అమెజాన్‌లో కొన్నవాళ్ళకి రేటింగ్ ఎలా ఇవ్వాలి? నాకు సీఓడీలో, అదే సరుకు చేరాక డబ్బు కట్టేదాంట్లో, ఆర్డర్ పెట్టి ఫోన్ ఎత్తనివాళ్ళు తెగ తగులుతున్నారు.

ఇక్కత్ అక్క, పోచంపల్లి:
వాటిల అసలు ఆ ఆప్షనే లేదు తమ్మీ. కస్టమరే మనకు ఇస్తడు.

లక్కబొమ్మల తమ్ముడు:
సరే బాబాయ్, మరి ఆ ఇంగ్లండ్ వాడిని ఊరికే వదిలెయ్యాలా? పాజిటివ్ నొక్కి కింద "మోసగాడు" అని రాస్తే?

స్టాంపుల బాబాయ్:
ఆ తెలివి అందరికీ వచ్చింది. పాజిటివ్‌లో తిట్టు రాయడం రూలుకి విరుద్ధం, తీసేస్తారు, మాట పడేది నువ్వే. నిజంగా మోసమైతే రిపోర్ట్ బయ్యర్ ఉంది, బ్లాక్ లిస్టు ఉంది, అందులో యూజర్ పేరు వేస్తే మళ్ళీ నీ దగ్గర కొనలేడు. కొని డబ్బు కట్టకుండా వదిలేసే అలవాటున్నవాళ్ళని ముందే ఆపే సెట్టింగ్ కూడా ఉంది, బయ్యర్ రిక్వైర్‌మెంట్స్ అని, అది ఇవాళే ఆన్ చేసుకో. "నెగెటివ్ ఇస్తా, సగం డబ్బు వెనక్కివ్వు" అని ఎవడైనా బెదిరిస్తే ఫోన్లో మాట్లాడకు, అక్కడి మెసేజ్‌లోనే రాయనియ్యి, అది చూపించి కంప్లైంట్ పెట్టొచ్చు.

ఇక్కత్ అక్క, పోచంపల్లి:
తమ్మీ ఒకటి అడుగుత ఏమనుకోకు. ఆ బొంగరాల ఫొటో ఏ వెలుతురుల తీసినవ్?

లక్కబొమ్మల తమ్ముడు:
రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీశా అక్కా. ఫోన్లో కొంచెం బ్రైట్ కూడా పెంచా.

ఇక్కత్ అక్క, పోచంపల్లి:
గదీ సంగతి. మీవి గింజలు, బెరడుల నుంచి తీసిన రంగులు కదా, పసుపైనా ఎరుపైనా కెమికల్ రంగు లెక్క మెరవయి, అదే వాటి అందం. నువ్వు మెరిసే ఫొటో పెడితే ఆయన మెరిసే బొంగరం అడిగిండు. పొద్దున ఎండల కాదు, అరుగు మీద నీడల పెట్టి తియ్యి, ఎడిట్ చెయ్యకు, రంగు ఒక్కో బొమ్మకి కొంచెం తేడా ఉంటదని పైనే రాయి. నా ఇక్కత్ చీరలకు ఇదే గోస పడ్డ, అంచుల రంగు పాకినట్టుంటే డిఫెక్ట్ అనుకునేటోళ్లు.

లక్కబొమ్మల తమ్ముడు (మూడు రోజుల తర్వాత):
60 రోజుల లోపువి 11 ఉన్నాయి, అన్నిటికీ ఇచ్చేశా, ఊరికే గుడ్ బయ్యర్ అని కాకుండా ఏ బొమ్మ కొన్నారో పేరు రాసి. నలుగురు తిరిగి ఇచ్చారు, ఒకావిడ మనవడు బొంగరం తిప్పే ఫొటో కూడా పెట్టింది, మావయ్య అది వీధంతా చూపించాడు. ఫొటోలన్నీ అరుగు మీద మళ్ళీ తీస్తున్నా. ఆ ఇంగ్లండ్ ఆయన కొన్న నిమిషంలోనే డబ్బు కట్టాడు, అది మాత్రం నిజం, అందుకని ఫాస్ట్ పేమెంట్ థాంక్యూ అని రెండు ముక్కలు రాశా. బ్లాక్ మాత్రం చేసేశా బాబాయ్.