గ్రూప్స్ చదువులో గడిచిన ఏళ్లను ఇంటర్వ్యూలో ఎలా చెప్పుకోవాలి?

ప్రశ్న: నమస్కారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగ పరీక్షకు చదివాను. 2022 ఏప్రిల్ ప్రకటన తాలూకు ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయిందనీ, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చిందనీ మీకు తెలిసిందే. ఇప్పుడు మళ్లీ ప్రైవేటు ఉద్యోగం వెతుకుతుంటే అందరూ ఈ విరామం గురించే అడుగుతున్నారు. ఆ కాలం వృథా అని నాకు అనిపించదు గాని, అదెలా చెప్పాలో తోచడం లేదు.

జవాబు 1: దాచకండి, సంవత్సరాలతో సహా రెజ్యూమెలో రాయండి. మూడు గంటల్లో 150 మార్కుల మెయిన్స్ పేపరు రాయడానికి సాధన చేసినవారికి, సామాజిక ఆర్థిక సర్వేలోని పట్టికలు చదివి నాలుగు వాక్యాల్లో సారం చెప్పగలిగినవారికి, కంపెనీలో నివేదికలు రాయడం కష్టమేమీ కాదు. అయితే ‘ఓర్పు పెరిగింది’ అని ఊరుకోకండి. అది అందరూ చెప్పేదే. మీరు రాసిన ఒక వ్యాసాన్ని ఎన్నిసార్లు, ఎందుకు దిద్దారో చెప్పండి.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తాను గాని, కోడింగ్ చేతికి దూరమైన సంగతి ఎదుటివారికి వెంటనే తెలిసిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో ఐఐటీల వారి ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు, ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి. ముందు ఒక చిన్న ప్రాజెక్టు పూర్తిచేసి కోడ్‌ను అందరూ చూడగలిగే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పాత ప్రిలిమ్స్ ప్రశ్నలను అంశాలవారీగా వర్గీకరించే ప్రోగ్రామ్ ఒకటి సగంలో ఉంది, దానితోనే మొదలుపెడతాను.