పాత అవెంజర్‌ని ఇంట్లోనే బాబర్ చేయొచ్చా? వెనక ఫ్రేమ్ కోసినవాళ్లు చెప్పండి

ఓరుగల్లు_220:
నాది 2011 మోడల్ బజాజ్ అవెంజర్ 220, కార్బ్యురేటర్ బండి. ఇంజన్‌కి ఢోకా లేదు, క్రోమ్ మాత్రం పొక్కులు లేచి ఊడిపోతోంది. హన్మకొండలో బాబర్ స్టైల్‌కి, అంటే వెనక భాగం కోసి ఒక్క సీటుతో పొట్టిగా చేయడానికి, 60 వేలు అడిగారు. బండి అమ్మినా అంత రాదు. అందుకే 12 వేల లోపు నేనే చేసుకుందామని దిగాను. ట్యాంకు పని అయిపోయింది. పాత పెయింటు గీకి, ప్రైమర్ కొట్టి, 800 వాటర్ పేపర్ పట్టి, పైన స్ప్రే డబ్బాతో మ్యాట్ బ్లాక్, దాని మీద రంగులేని క్లియర్ కోటు. హైదరాబాద్ పుత్లీబౌలి వెళ్లి ఫ్లాట్ హ్యాండిల్, గుండ్రటి టెయిల్ లైటు తెచ్చుకున్నాను. ఇక మిగిలింది వెనక భాగం. పొడుగు మడ్‌గార్డ్ తీసేసి, దాన్ని మోసే పైపుల్ని షాక్ అబ్జార్బర్ల వెనక నుంచి కోసి, స్ప్రింగుల సింగిల్ సీటు పెట్టాలి. గ్రైండర్ ఉంది. వెల్డింగ్ మెషిన్ అద్దెకిస్తారు. చేసినవాళ్లు చెప్పండి, చేయనివాళ్లు భయపెట్టకండి.

బుల్లెట్_బంగారం:
ముందు ఫోటో పెట్టు బ్రో.

ఆటోనగర్_బాబాయ్:
నేను భయపెట్టడానికే వచ్చాను తమ్ముడూ. బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న కాలం నుంచి షెడ్డు మాది. హ్యాండిల్ మార్చుకో, లైట్లు మార్చుకో, నచ్చకపోతే మళ్లీ పాతవి బిగించుకుంటావు. ఫ్రేమ్ కోశాక వెనక్కి రాలేవు. అద్దె మెషిన్‌తో అతికిస్తే వెల్డింగ్ పైకి చేప పొలుసులా చక్కగా కనిపిస్తుంది, లోపల పైపు గోడకి పట్టి ఉండదు. రెండు నెలలు స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగాక అంచులో వెంట్రుకంత చీలిక వస్తుంది. పైన నల్ల పెయింటు ఉంటుంది కాబట్టి నీకు కనిపించదు. వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ వైర్లు, స్పార్క్ ఇచ్చే సీడీఐ పెట్టె తీసేయాలని నీకెవరైనా చెప్పారా?

ఓరుగల్లు_220:
తెలుసు బాబాయ్. వీడియోల్లో అన్నీ చెప్తున్నారు. పైపు లోపల ఇంకో చిన్న పైపు ముక్క దూర్చి, పైన రంధ్రాలు పెట్టి అక్కడ కూడా వెల్డ్ వేస్తారు. అదేమీ రాకెట్ సైన్స్ కాదు.

చట్టం_చెప్తా:
ఫ్రేమ్ సంగతి తర్వాత. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో చట్టంలోకి సెక్షన్ 182ఎ వచ్చింది. ఓనరే మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ ఆర్‌సీలో సీటింగ్ 2 అని ఉంటుంది. ఒక్క సీటు పెడితే అక్కడే తేడా. పైగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 123: వెనక కూర్చునేవారి బట్టలు ఇరుక్కోకుండా చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. అంటే శారీ గార్డ్.

ఓరుగల్లు_220:
వెనక సీటే లేనప్పుడు శారీ గార్డ్ ఎవరి కోసమండీ?

చట్టం_చెప్తా:
రూల్‌లో వెనక కూర్చునే వీలున్న మోటార్ సైకిల్ అని ఉంది. మీ ఆర్‌సీలో సీటింగ్ 2 కదా.

ఓరుగల్లు_220:
షోరూంలో కొన్న రోజే శారీ గార్డ్ విప్పేసి పడేసేవాళ్లు ఊరికి ఎంతమంది లేరు? వాళ్లని ఎవరు పట్టుకున్నారు?

చట్టం_చెప్తా:
పట్టుకోలేదు కాబట్టి తప్పు కాదంటే ఎలా? రూల్ 123 చదవండి.

బుల్లెట్_బంగారం:
రూల్ 123 అంట, పోలీసోళ్లు 123 లెక్కపెట్టేలోపు సందులోంచి వెళ్లిపోవచ్చు 😂

ఖమ్మం_పద్మ:
నవ్వులాట కాదు. మా తమ్ముడు స్టైల్ కోసం శారీ గార్డ్ తీసేశాడు. మా అమ్మ కొంగు చైన్‌లో ఇరుక్కుని వెనక్కి పడింది. మెల్లగా పోతున్నాం కాబట్టి చెయ్యి విరగడంతో పోయింది. ఇప్పటికీ ఏ బండీ ఎక్కదు, ఆటో పిలవాల్సిందే. ఇంట్లో ఉన్నది ఒకే బండి అయితే దాని వెనక సీటు మీ ఒక్కరిది కాదు. ఆ బండి మీద మీ ఇంట్లో ఇంకెవరూ ఎక్కరా?

ఓరుగల్లు_220:
అక్కా, అమ్మగారికి అలా జరగడం బాధాకరం. మా ఇంట్లో స్కూటీ వేరే ఉంది.

ఆటోనగర్_బాబాయ్:
అందరూ శారీ గార్డ్ పట్టుకుని వేలాడుతున్నారు. ట్యాంకు సంగతి ఎవరూ అడగలేదు. తమ్ముడూ, ఆ క్లియర్ డబ్బా మామూలుదా, హార్డెనర్ కలిసే 2కె రకమా? ట్యాంకు మూత పక్కన ఒక చుక్క పెట్రోలు వేసి, తెల్ల గుడ్డతో తుడిచి చూడు.

ఓరుగల్లు_220:
గుడ్డకి నలుపు అంటింది. జిగురుగా కూడా ఉంది. సరే, అది వేరే విషయం.

ఆటోనగర్_బాబాయ్:
వేరే విషయం కాదు. పెయింటు దగ్గర వీడియోని నమ్మావు, పెట్రోలుకి కరిగింది. పెయింటు పోతే మళ్లీ కొట్టుకుంటావు. 2కె అయితే మంచి మాస్క్ పెట్టుకో, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇంకోటి, హ్యాండిల్ బిగించాక ఇంజన్ ఆన్‌లో పెట్టి రెండు వైపులా చివరిదాకా తిప్పావా? తిప్పినప్పుడు రేస్ పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం. రోడ్డు మీద యూటర్న్‌లో తెలిస్తే ఆలస్యమే.

గోదారి_క్రూజర్:
అవెంజర్‌ని బాబర్ చేయడమేంటి, అది పుట్టుకతోనే క్రూజర్. 2005లో వచ్చిన అవెంజర్ 180కి కూడా ముందు బజాజ్ వాళ్ల ఎలిమినేటర్ క్రూజర్ ఉండేది. ఆ లుక్ పాడుచేయకండి. ఆ డబ్బుతో క్రోమ్ వేయించుకోండి.

ఓరుగల్లు_220:
బాబాయ్, ఇన్ని పోస్టుల్లో ఒక్కసారైనా ‘నువ్వు చేయగలవు’ అన్నారా? మెకానిక్‌లందరిదీ ఇదే మాట. ‘ముట్టుకోవద్దు, మా దగ్గరికి తీసుకురా.’ తీసుకొచ్చాను ఒకసారి. మా ఊళ్లోనే ఒక షెడ్డు. క్లచ్ ప్లేట్లు అని ఇచ్చిన బండి వర్షాకాలమంతా టార్పాలిన్ కింద ఉంది. తిరిగొచ్చాక చూస్తే నా కార్బ్యురేటర్ నాది కాదు. అడిగితే ‘అదే బాబూ, క్లీన్ చేశాం కదా, కొత్తగా కనిపిస్తోంది’ అన్నాడు. ముందు మూడు వేలన్నాడు, చివరికి దానికి రెట్టింపు కంటే ఎక్కువే గుంజాడు. అందుకే గ్రైండర్ కొన్నాను. మీకు ఫ్రేమ్ మీద భయం కాదు, గిరాకీ పోతుందని భయం.

ఆటోనగర్_బాబాయ్:
గిరాకీయా? నీలాంటి గిరాకీ వారానికొకటి వస్తుంది మా షెడ్డుకి. సగం కోసేసిన ఫ్రేమ్, పాలిథిన్ కవర్‌లో నట్లు, చుట్టచుట్టిన వైరింగ్. ‘కొంచెమే మిగిలింది అన్నా, చూసి ఇవ్వు’ అంటారు. వాళ్లు చేసిన వంకర సరిచేయడానికే రెండు రోజులు పడుతుంది. కూలి చెబితే ‘వెల్డింగ్ రాడ్డు ఎంత, కరెంటు ఎంత’ అని లెక్కలు. యాక్సెసరీ షాపులో లైటుకి ఎంత చెబితే అంత ఇస్తారు, బిల్లు అడిగి తీసుకుంటారు. చేతి పని దగ్గరికి వచ్చేసరికి బేరం. తర్వాత ఏది విరిగినా మా పేరే. మొన్న ఒకాయన సైలెన్సర్ లోపలి జాలీ తానే తీసేసుకుని, బండి పటపటా పేలుతోందని నన్ను తిట్టాడు.

బుల్లెట్_బంగారం:
ఇప్పుడు అసలు సంగతి వచ్చింది.

చట్టం_చెప్తా:
సైలెన్సర్ మాట వచ్చింది కాబట్టి, 175 సీసీ దాటిన బండ్లకి పరిమితి 80 డెసిబెల్స్. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించారు, గుర్తుంచుకోండి. అన్నట్టు మీది 2011 మోడల్ కదా. ఆర్‌సీ 15 ఏళ్లకే. రెన్యువల్‌కి బండి తీసుకెళ్లి ఆర్‌టీఓ ఆఫీసులో చూపించాలి. అక్కడ వెనక ఫ్రేమ్ లేకపోతే, నలుపు రంగు ఆర్‌సీలో లేకపోతే ఏం చెబుతారు?

ఓరుగల్లు_220:
...ఇది మొదటి పోస్టులో చెప్పొచ్చు కదండీ. శారీ గార్డ్ మీద అన్ని పోస్టులు ఎందుకు?

చట్టం_చెప్తా:
రూల్ 123 కూడా అక్కడే చూస్తారు.

ఖమ్మం_పద్మ:
ఫ్రేమ్ కోయకుండా మడ్‌గార్డ్ మాత్రం పొట్టిది పెట్టుకుని, పాత సీటు పక్కన పెట్టుకుంటే సరిపోదా? రెన్యువల్ రోజు మళ్లీ బిగించుకోవచ్చు.

గోదారి_క్రూజర్:
అప్పుడది బాబర్ కాదు.

ఓరుగల్లు_220:
రెన్యువల్ అయ్యేదాకా కోత ఆపుతాను. వదిలేస్తున్నానని కాదు. బాబాయ్, మీకే అడుగుతున్నా. మడ్‌గార్డ్, హ్యాండిల్, పెయింటు, వైరింగ్ నేను చేసుకుంటా. వెల్డింగ్ ఒక్కటి మీ దగ్గర. కానీ పని జరుగుతున్నంతసేపు నేను పక్కనే నిలబడి చూస్తా, రేటు ముందే కాగితం మీద రాయాలి. ఒప్పుకుంటారా?

ఆటోనగర్_బాబాయ్:
నిలబడు, కుర్చీ వేస్తాను, టీ కూడా చెప్తాను. ఆర్‌సీకి అడ్డం వచ్చే కోత మాత్రం కోయను, బలానికి వేసే వెల్డింగ్ అయితే సరే. పార్టులు మార్చడం మా షెడ్డులో లేదు, పాత సామాను సంచిలో వేసి చేతికిస్తాం. అందరినీ ఒకే గాటన కట్టకు.

ఓరుగల్లు_220:
సరే. వెల్డింగ్‌కి రేటెంత?

ఆటోనగర్_బాబాయ్:
బండి చూడకుండా ఎలా చెప్తాను? అయినా ఇక్కడ రాస్తే రేపు అందరూ అదే రేటుకి వస్తారు. మెసేజ్ చెయ్యి.

ఓరుగల్లు_220:
ఇదిగో, నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే!

గోదారి_క్రూజర్:
ఆ పాత క్రోమ్ హ్యాండిల్ అమ్ముతారా? రాజమండ్రికి కొరియర్ చార్జీ నేను పెట్టుకుంటా.